బెసలేలుకు మన సంఘంలో చోటుందా?

కొంతకాలం క్రితం సండే స్కూల్ టీచర్ల కూడికలో ఒక చిన్న ప్రశ్న అడిగాను. ఒక మనిషిని పేరుపెట్టి పిలిచి, ఇతన్ని నా ఆత్మతో నింపానని దేవుడే స్వయంగా చెప్పిన మొదటి సందర్భం బైబిలులో ఎక్కడుంది? ఒకరు అబ్రాహాము అన్నారు, ఇంకొకరు మోషే అన్నారు. వెనక వరుసలో నుంచి ఎవరో సమ్సోను అన్నారు. యోసేపు అన్న అక్క దాదాపు దగ్గరికి వచ్చింది గాని, యోసేపులో దేవుని ఆత్మ ఉన్నదన్నది ఫరో మాట. దేవుడు తన నోట ఆ మాట చెప్పింది నిర్గమకాండము 31వ అధ్యాయంలో. చెప్పింది ప్రవక్త గురించీ కాదు, రాజు గురించీ కాదు, యాజకుడి గురించీ కాదు. యూదా గోత్రంలో ఊరీ కుమారుడైన బెసలేలు అనే పనివాడి గురించి.

ఆత్మతో నింపి దేవుడు అతనికి అప్పగించిన పని చూడండి. బంగారం, వెండి, ఇత్తడితో పని చేయడం, రత్నాలు సానబట్టి పొదగడం, కర్రను చెక్కడం. దాను గోత్రం నుంచి అహోలీయాబును తోడుగా ఇచ్చాడు. 35వ అధ్యాయంలో ఇంకో మాట చేరింది. వాళ్లిద్దరికీ ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడే పుట్టించాడట. అదే అధ్యాయంలో నీలం, ధూమ్రం, రక్తవర్ణం నూలును, మేక వెంట్రుకలను వడికిన స్త్రీలున్నారు. పేర్లు లేవు గాని, వాళ్లదీ హృదయంలోని జ్ఞానమేనని వాక్యం గుర్తుపెట్టుకుంది. ప్రజలు తెచ్చిన కానుకలు పనికి మించిపోతే, ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటించాల్సి వచ్చింది. ఈ కష్టం నేటి సంఘ కోశాధికారుల్లో ఎవరికీ వచ్చినట్టు నేను వినలేదు.

మన సంఘాల్లో అభిషేకం అన్న మాట వాక్యం చెప్పేవారికి, స్వస్థత ప్రార్థన చేసేవారికి వాడతాం. పాట పాడేవారికీ కొంతవరకు వాడతాం. బట్ట మీద దారంతో పువ్వు కుట్టే చెల్లికి, రాయి చెక్కే తమ్ముడికి, కథ రాసే కుర్రవాడికి వాడం. వాళ్లు చేసేది హాబీ. ఇంకా గట్టిగా చెప్పేవారైతే లోకసంబంధమైన పని అంటారు. డిసెంబరులో స్టేజీకి తెర కావాలన్నప్పుడు మాత్రం ఆ తమ్ముడు గుర్తొస్తాడు. జనవరి నుంచి మళ్లీ మరచిపోతాం.

అయితే ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. బెసలేలును పిలిచిన అధ్యాయం అయిపోగానే తర్వాతి అధ్యాయంలో ఏముంది? బంగారు దూడ. అదే ఎడారి, అదే ప్రజలు. చెవుల నుంచి తీసిన పోగులనే అహరోను పోగరతో దూడగా మలిచాడు. పని నైపుణ్యం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఒకటి దేవుని సన్నిధికి గుడారమైంది, మరొకటి దేవుని స్థానంలో కూర్చుంది. మోషే చేయించిన ఇత్తడి సర్పం సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అది దేవుడు చేయమన్నదే. చూసినవారు బతికారు. ఎన్నో తరాల తర్వాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని నెహుష్టాను, అంటే ఇత్తడి ముక్క అని పిలిచి తుత్తునియలు చేశాడు. అలా చేసినందుకు వాక్యం అతన్ని మెచ్చుకుంది. మంచి సంగతి కూడా కాలక్రమంలో విగ్రహం కాగలదు. పాటైనా, గాయకుడైనా, మందిరమైనా సరే.

సంఘ చరిత్రలో ఈ భయం చాలాసార్లు గెలిచింది. 1524లో జూరిచ్ పట్టణంలో జ్వింగ్లీ నాయకత్వాన మందిరాల్లోని పటాలను, ప్రతిమలను తొలగించారు. ఆ తర్వాత ఆరాధనలో సంగీతం కూడా ఆగిపోయింది. విచిత్రమేమిటంటే జ్వింగ్లీ స్వయంగా మంచి సంగీతజ్ఞుడు, ఎన్నో వాద్యాలు వాయించగలవాడు. బహుశా సంగీతానికి మనసును లాక్కునే శక్తి ఎంతుందో తెలిసినవాడు కాబట్టే అంతగా భయపడ్డాడేమో. అదే కాలంలో లూథర్ ఇంకో దారి పట్టాడు. వాక్యాన్ని ప్రజల భాషలోకి తెచ్చిన చేత్తోనే పాటలూ రాసి, సామాన్య విశ్వాసి నోట పెట్టాడు. మన లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, మెథడిస్టు సంఘాలన్నీ ఈ రెండు దారుల మధ్య ఎక్కడో ఒకచోట నిలబడినవే.

ఒక్క సంగతి మరచిపోకూడదు. విగ్రహం చేసుకోవద్దన్న ఆజ్ఞ ఇచ్చిన దేవుడే కరుణాపీఠం మీద రెండు బంగారు కెరూబులను చేయమన్నాడు, యాజకుని అంగీ అంచుకు దానిమ్మపండ్లు కుట్టమన్నాడు. ఆ బట్టలు ఎందుకంటే అలంకారానికి, ఘనతకు అని కారణం కూడా చెప్పాడు. కాబట్టి ఆజ్ఞ చెక్కే చేతి గురించి కాదు, వంగే మోకాలి గురించి.

ఇక అసలు సంగతికి వద్దాం. విశ్వాసం కళకు ఏమిస్తుంది? అందమైన విషయాలు ఇస్తుంది, దేవదూతలు, నక్షత్రం, పశువుల తొట్టి వంటివి అని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. కళ్లు తిప్పుకోకుండా బాధను చూసే ధైర్యం ఇస్తుందని నా అభిప్రాయం.

విలాపవాక్యముల గ్రంథాన్నే తీసుకోండి. యెరూషలేము కాలిపోయింది. పిల్లలు వీధుల్లో ఆకలితో పడిపోతున్నారు. అలాంటప్పుడు మనిషి ఏం రాస్తాడు? గుండె బాదుకుంటాడు, మాట తడబడుతుంది అనుకుంటాం. కాని ఆ గ్రంథం కట్టుబాటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హెబ్రీ భాషలో 22 అక్షరాలు. మొదటి, రెండవ, నాలుగవ అధ్యాయాల్లో ఒక్కో దానిలో 22 వచనాలు, ఒక్కో వచనం వరుసగా ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. మూడవ అధ్యాయంలో 66 వచనాలు, అక్షరానికి మూడేసి. అయిదవ అధ్యాయంలో మళ్లీ 22 వచనాలే గాని, అక్షరక్రమం లేదు. కవి అప్పటికి అలసిపోయాడో, దుఃఖం కట్టు తెంచుకుందో చెప్పలేం. మన తెలుగు బైబిలులో ఈ అక్షరాల వరుస కనబడదు కాబట్టి చాలామందికి ఈ సంగతి తెలియదు. మన పద్యంలో యతి, ప్రాస కుదర్చడానికి ఎంత ఓపిక కావాలో తెలిసినవారికి, బూడిదలో కూర్చుని ఒకడు అక్షరం అక్షరం కుదుర్చుకుంటూ ఏడ్చాడంటే దాని బరువు అర్థమవుతుంది. దేవుడు వింటాడన్న నమ్మకం లేకపోతే ఆ ఏడుపును అంత శ్రద్ధగా ఎవరు కూరుస్తారు? అలాగే ఆ కూర్పు లేకపోతే ఆ ఏడుపు ఇంతకాలం నిలిచి, పరదేశంలో చెర అనుభవించినవారి నోట ప్రార్థన అయ్యేదా? ఇక్కడ విశ్వాసమూ కళా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఏది దేన్ని మోస్తుందో విడదీయలేం.

ఇలాంటిదే ఇంకొకటి. నేటి ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున ఇసెన్‌హైమ్ అనే ఊళ్లో సన్యాసులు ఒక ఆసుపత్రి నడిపేవారు. బూజు పట్టిన ధాన్యంతో చేసిన రొట్టె తిన్నవారికి అప్పట్లో ఒక భయంకరమైన జబ్బు వచ్చేది. ఒళ్లు నిప్పంటుకున్నట్టు మండి, చర్మం పుండ్లుపడి, చేతులు కాళ్లు కుళ్లిపోయేవి. దాన్ని పరిశుద్ధ అంతోని అగ్ని అనేవారు. ఆ ఆసుపత్రి ప్రార్థనాలయం కోసం 1512, 1516 మధ్య గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడు సిలువ దృశ్యం గీశాడు. ఆ పటంలో క్రీస్తు అందంగా ఉండడు. ఒళ్లంతా పుండ్లు, పచ్చబడిన చర్మం, మెలితిరిగిన వేళ్లు. తన రోగమే క్రీస్తు ఒంటి మీద ఉండటం అక్కడి రోగికి కనబడుతుంది. యెషయా 53 మీద ఎన్ని ప్రసంగాలు చెప్పినా ఆ రోగికి అంత దగ్గరగా వెళ్లి ఉండేవి కావు. ఆ పటం ఇప్పుడు కోల్మార్ పట్టణంలోని మ్యూజియంలో ఉంది. ఫోనులో వెతికి ఒకసారి చూడండి. పిల్లలు భయపడవచ్చు, ముందే చెబుతున్నాను. మనం గోడకు తగిలించుకునే ఎర్రని బుగ్గల యేసు పటం పక్కన పెట్టి చూస్తే, రెండింటిలో ఏది సువార్తకు దగ్గరగా ఉందో మీరే చెప్పగలరు.

మరి కళ విశ్వాసానికి తిరిగి ఏమిస్తుంది? దీనికి దూరదేశం వెళ్లనక్కరలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలు.

పురుషోత్తమ చౌదరిగారు 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 వరకు జీవించారు. క్రీస్తును అంగీకరించినప్పుడు ఆయన ఇల్లూ కులమూ వదులుకోవాల్సి వచ్చింది గాని, చెవిలో ఉన్న సంగీతాన్ని వదులుకోలేదు. ఆ రోజుల్లో మిషనరీలు తమ దేశపు రాగాలకు తెలుగు మాటలు అతికించి పాడించేవారు. పాశ్చాత్య బాణీకి తెలుగు దీర్ఘాలు, హ్రస్వాలు లొంగవు. సాగాల్సిన అక్షరం కుదించుకుపోతుంది, కుదించాల్సింది సాగుతుంది. నేటికీ కొన్ని పాటలు పాడుతుంటే ఆ ఇబ్బంది మన నోటికి తెలుస్తూనే ఉంటుంది. చౌదరిగారు మన రాగాల్లో, మన తాళాల్లో, పల్లవి, చరణాల కట్టుబాటులో సువార్తను చెప్పారు. అందుకే పాత పుస్తకాల్లో కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మనలో ఎంతమంది ఆ చిన్న అక్షరాలు చదివాం?

ఆ కట్టుబాటు అలంకారం కోసం కాదు, దానికొక పని ఉంది. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది గనుక మొదటిసారి వచ్చినవాడు కూడా రెండు నిమిషాల్లో అందుకుంటాడు. చరణాల్లో కథ, సిద్ధాంతం, ఒప్పుకోలు ఒక్కో మెట్టుగా నడుస్తాయి. ప్రాస కుదిరిన పంక్తి నోటికి అంటుకుంటుంది. చదువు రాని తాతలు, అమ్మమ్మలు నీతిమంతులుగా తీర్చబడడం అంటే ఏమిటో ఏ పుస్తకం చదవకుండానే తెలుసుకున్నారు. వాళ్లను అడిగితే నిర్వచనం చెప్పేవారు కాదు, కీర్తన మూడో చరణం పాడేవారు. నాట్లు వేస్తూ పాడేవారు, బిడ్డను ఊపుతూ పాడేవారు. పాస్టరుగారు నెలకొకసారి వచ్చే ఊళ్లలో మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఆ పాటలే కాపరిత్వం చేశాయి. బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు కూడా ప్రసంగించడంతో ఆగక పాటలు రాయడం ఊరికే కాదు.

ఇక్కడ ఒక పక్కమాట. సినిమా బాణీకి క్రైస్తవ మాటలు పెట్టడాన్ని సమర్థించేవారు తరచుగా లూథర్ పేరు ఎత్తుతారు. ఆయన సారాయి కొట్ల పాటల బాణీలే తీసుకున్నాడని చెబుతారు. ఈ కథకు ఆధారం లేదు. జర్మన్ పాటల్లో మొదటి భాగాన్ని రెండుసార్లు పాడి తర్వాత వేరే భాగం పాడే ఒక నిర్మాణం ఉంది. దాన్ని బార్ అంటారు. ఆ మాటను తాగే బార్ అనుకుని ఎవరో మొదలుపెట్టిన కథ ఇది. లూథర్ కొన్ని బాణీలు సొంతంగా కట్టాడు, కొన్ని పాత ఆరాధన గీతాల నుంచి మలచుకున్నాడు. సినిమా బాణీ పాపమని నేను అనను. దాన్ని విన్న చెవికి హీరో గుర్తొస్తాడా, ప్రభువు గుర్తొస్తాడా అన్నదే ప్రశ్న. అరువు బాణీతో ఆగిపోయే సంఘంలో కొత్త బాణీ కట్టగల పిల్లవాడు ఎప్పటికీ బయటపడడు.

సంఘానికి నిజమైన అవసరం ఉన్నచోట కళ పెరుగుతుంది. బాఖ్ 1723లో లైప్‌చిగ్‌లో సంగీత బాధ్యత చేపట్టినప్పుడు మొదటి కొన్నేళ్లు దాదాపు ప్రతి ఆదివారానికి ఒక కొత్త కాంటాటా, అంటే ఆ రోజు వాక్యభాగం మీద గాయకులు, వాద్యాలతో పాడే దీర్ఘ గీతం, తయారు చేశాడు. రాసుకోవాలి, పాడేవారికి ప్రతులు తీయించాలి, నేర్పాలి, ఆదివారం పాడించాలి, సోమవారం మళ్లీ మొదలు. అందులో సుమారు 200 మిగిలాయి. ప్రతి ప్రారంభంలో యేసూ సహాయం చేయుము అని సూచించే రెండు అక్షరాలు, చివర దేవునికే మహిమ అనే అర్థమిచ్చే మూడు అక్షరాలు రాసుకునేవాడు. పదేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాడు, మొదటి భార్యను కోల్పోయినవాడు, ఇరవై మంది బిడ్డల్లో పదిమందిని పాతిపెట్టినవాడు ఆ అక్షరాలు రాశాడు. ఆ మాట గుర్తుంటే ఆ సంగీతంలో మరణం గురించి పాడే చోట్లు వేరుగా వినిపిస్తాయి.

మన దగ్గర రాళ్లు కూడా ఇలాగే మాట్లాడాయి. దోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారు కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్ 1939లో ప్రతిష్ఠించబడింది. ఇంగ్లండులోని చర్చిలా గోపురం పైకి మొనదేలి ఉండదు. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, వాటి మీద చెక్కిన తామరలు, సిలువ. ఆయన 1912లోనే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. క్రీస్తు ఈ నేలకు పరాయివాడు కాడని చెప్పడానికి ఆయన ఒక పుస్తకం రాసి ఊరుకోవచ్చు. ఆ మాట రాతిలో ఉంటే ఎడ్లబండి మీద వచ్చిన రైతు కూడా చదువుకుంటాడు. మెదక్ సంగతి వేరు. 1924లో పూర్తయిన ఆ మందిరం ఆకారంలో పూర్తిగా పాశ్చాత్యమే. కాని అక్కడి రంగుటద్దాల కిటికీల ముందు నిలబడినవారికి ఒక సంగతి తెలుస్తుంది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఆ అద్దాల్లో ఉన్నాయి. బయట నుంచి చూస్తే మసక అద్దమే. లోపలికి వచ్చి నిలబడాలి, బయట పగలుండాలి. అప్పుడే రంగులు వెలుగుతాయి. సెలవు రోజుల్లో అక్కడికి వచ్చే వేలమందిలో క్రైస్తవేతరులే ఎక్కువేమో. వాళ్లకు ఎవరూ కరపత్రం ఇవ్వకపోయినా ఒక సువార్త చూసి వెళ్తున్నారు.

దేశీయ రూపం తీసుకున్న ప్రతి కళాకారుణ్నీ సంఘం చేతులు చాచి ఆహ్వానించిందని అనుకోవద్దు. గోవాకు చెందిన ఆంజెలో ద ఫోన్సెకా శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చుకుని వచ్చి, మరియమ్మను చీరలో, మన పల్లెపడుచులా గీశాడు. సొంత ఊళ్లోని క్రైస్తవులే మండిపడ్డారు. చివరకు పూనాలోని ఒక క్రైస్తవ ఆశ్రమంలో ఆశ్రయం దొరికింది. 1967లో చనిపోయేవరకు ఆయన గీస్తూనే ఉన్నాడు. మరియ తెల్లని ఐరోపా స్త్రీగా ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు, మన తల్లిలా ఉంటేనే అపవిత్రం!

తెలుగులో గుర్రం జాషువాగారి సంగతి అందరికీ తెలిసినదే అయినా మన వేదికల మీద తక్కువగా వినిపిస్తుంది. 1895లో వినుకొండలో పుట్టారు. 1941లో వచ్చిన గబ్బిలంలో, గుడిలోకి అడుగుపెట్టలేని ఒక అంటరానివాడు గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో కాశీలోని శివునికి తన గోడు చెప్పిపంపుతాడు. ఆ కావ్యంలో క్రైస్తవ ప్రచారం కనబడదు. కాని దేవుని స్వరూపంలో చేయబడ్డ మనిషిని పురుగుకన్నా హీనంగా చూశారన్న మంట ఉంది. ఆమోసు ప్రవక్త చదివిన క్రైస్తవుడికి ఆ మంట కొత్త కాదు. తర్వాత రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్యం మీద అంత పట్టున్న కవి క్రీస్తు కథను తెలుగు ఛందస్సులో చెప్పాడంటే మన సంఘాలు దాన్ని శ్రమల కాలంలో చదివించాలి గదా. ఎన్ని సంఘ గ్రంథాలయాల్లో ఆ పుస్తకం ఉంది? అసలు ఎన్ని సంఘాలకు గ్రంథాలయం ఉంది? జాషువాగారి గొంతు మనకు ఇబ్బందిగా ఉంటుందేమో కూడా. కులం బయట ఉందని చెప్పుకున్నంత తేలిక కాదు, పెళ్లి సంబంధాల దగ్గర అది మన బల్లల మధ్యే కూర్చుని ఉందని ఒప్పుకోవడం. మనకు ఇష్టమైనదే చెప్పే కళ ప్రకటనల బోర్డు అవుతుంది. ప్రవక్తలు ఎవరూ రాజు మెచ్చేలా రాయలేదు.

ఇంత చెప్పి, నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి దాచలేను.

నాకు తెలిసిన ఒక సంఘంలో ఒక తల్లి ఇరవై రెండేళ్ల కొడుకును బైకు ప్రమాదంలో పోగొట్టుకుంది. నెల తర్వాత ఆదివారం ఆరాధనకు వచ్చింది. ఆ రోజు నాలుగు పాటలు పాడాం. నాలుగూ జయం గురించి, ఆశీర్వాదం గురించి. డ్రమ్స్, కీబోర్డు, చప్పట్లు. కూర్చున్నవారంతా లేచి సంతోషంగా పాడాలని పాటల నాయకుడు మైకులో పదేపదే అన్నాడు. ఆమె లేచింది. పెదవులు కదలలేదు. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. అబ్బాయి తప్పేమీ లేదు, అతనికి నేర్పిన పాటలు అవే. అతని దగ్గరున్న ఎనభై పాటల లిస్టు నేను తర్వాత చూశాను. దుఃఖంలో ఉన్నవారి నోటితో పాడదగ్గ పాట అందులో ఒక్కటంటే ఒక్కటి లేదు.

బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. చివర్లో ఒక హల్లెలూయ కూడా తగిలించలేదు. దేవుడు దాన్ని తన ప్రజల పాటల పుస్తకంలో ఉండనిచ్చాడు. మనం మన పుస్తకంలో ఉండనివ్వం. ఈ మధ్య వచ్చే పాటల్లో నేను, నాకు, నన్ను ఎక్కువ. పాపం, కన్నీరు, న్యాయం కోసం మొర తక్కువ. రాసేవారిలో భక్తి లేదని కాదు. రాసేవారికి మనం ఇచ్చిన వాక్యాహారం అంతే. ఒక పాట యూట్యూబులో ఎన్ని లక్షల మంది చూశారన్నది కొలతగా పెట్టాం కాబట్టి, చావింట్లో పాడుకునే పాట ఎవరు రాస్తారు? కళాకారుడికి వాక్యం లోతు దొరకకపోతే పాట పలుచనవుతుంది. పాట పలుచనైతే దాన్ని ఆరేళ్లు పాడిన సంఘం విశ్వాసం కూడా పలుచనవుతుంది. ఈ చక్రం కిందికి తిరగడం మొదలైతే ఆపడం కష్టం.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు. ఫ్లెక్సీల మీద పెట్టే ఖర్చులో సగం చాలు. ఊళ్లో హార్మోనియం తెలిసిన పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు. ఆయన ఉన్నంతలోనే పాత కీర్తనలు ఏ రాగంలో ఉన్నాయో పిల్లలకు చెప్పించి ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. ఆయన వెళ్లిపోయాక ఆ బాణీలు ఏ పుస్తకంలోనూ దొరకవు, ఎందుకంటే పుస్తకంలో రాగం పేరు ఉంటుంది గాని స్వరం ఉండదు. పాటలు రాసే యువతీయువకులను స్టేజీ ఎక్కించే ముందు ఏడాదిపాటు కీర్తనల గ్రంథం కూర్చోబెట్టి చదివించవచ్చు. బొమ్మలు వేసే బిడ్డకు సండే స్కూల్ గోడ ఒకటి ఇవ్వొచ్చు. వంకరగా వేస్తుంది, పరవాలేదు. పని చేయించుకున్నప్పుడు కూలి ఇవ్వడం కూడా మరవొద్దు. ప్రభువు సేవే గదా అని ఊరికే చేయించుకునేది కళాకారులతోనే. మందిరానికి సిమెంటు అమ్మినవాడిని ఎవరూ అలా అడగరు. బెసలేలుకు నేర్పే మనసు కూడా దేవుడిచ్చాడని చదివాం. నేర్పేవారు మన మధ్యే ఉన్నారు, అడిగేవారే లేరు.

ఆ తల్లి ఇంటికి ఒక సాయంత్రం నలుగురం కుటుంబ ప్రార్థనకు వెళ్లాం. మాతోపాటు రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన వచ్చారు. వాక్యం చదివాక ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆయన కళ్లు మూసుకుని, మోకాలి మీద తాళం వేసుకుంటూ, శ్రమల కాలంలో పాడే పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. ఆయన గొంతు బాగుండదు, పైస్థాయి అందదు. మొదటి చరణం ఆయనొక్కరే పాడారు. రెండో చరణానికి ఆమె గొంతు కలిపింది. పుస్తకం చూడలేదు. ఆ పాట తన అమ్మమ్మ వరి కోస్తూ నేర్పిందని తర్వాత టీ ఇస్తూ చెప్పింది.